చంటివాడి నుంచి తాతయ్య దాకా ఒకే కార్టూన్: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అమలాపురానికి దగ్గర్లో ఒక ఊరు. సంక్రాంతికీ వేసవి సెలవులకూ ఆడపడుచులు పిల్లలతో దిగితే మా హాలులో ఒక్క టీవీ ముందు పదకొండు మంది చేరతాం. ఎనభై రెండేళ్ల మామయ్యగారు పడక కుర్చీలో, డెబ్బై ఎనిమిదేళ్ల అత్తయ్యగారు గోడకు చేరగిలబడి, మిగతావాళ్లం చాప మీద. అందరికంటే చిన్నవాడికి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఇంతమందికి కలిపి ఒక కార్టూన్ వెతకడం పెళ్లి సంబంధం వెతకడం లాంటిదే. ఒకరికి నచ్చితే ఇంకొకరు మూతి తిప్పుతారు. ఆరేడేళ్లుగా ఆ పని నా నెత్తిన పడటంతో చుట్టాలూ ఇరుగుపొరుగూ కూడా నన్నే అడుగుతుంటారు. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అందరూ కలిసి చూడాలంటే ముందు ఎవరిని దృష్టిలో పెట్టుకోవాలి?

చాపకు ఆ చివరా ఈ చివరా ఉన్నవాళ్లను. అంటే గదిలో అందరికంటే చిన్నవాళ్లను, అందరికంటే పెద్దవాళ్లను. చిన్నవాళ్లు జడుసుకోకూడదు, పెద్దవాళ్లకు విసుగు పుట్టకూడదు. ఈ రెండూ కుదిరితే మధ్యవాళ్లు ఎలాగోలా సర్దుకుంటారు. చాలా ఇళ్లలో జరిగేది మరొకటి. తొమ్మిదేళ్ల పిల్లవాడి గొంతు పెద్దది కాబట్టి వాడు అడిగిందే పెడతారు. ఐదు నిమిషాలు తిరిగేసరికి మామ్మ వంటింట్లో, తాతయ్య వీధి అరుగు మీద, అమ్మ ఫోనులో ఉంటారు. టీవీ ముందు వాడొక్కడే మిగులుతాడు.

తోలుబొమ్మలాట ఎరిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మా వైపు ఈ ఆటకు పేరున్న ఊరు కాకినాడ పక్కనున్న మాధవపట్నం. రామాయణం ఆడుతూ ఆడుతూ మధ్యలో నవ్వించే బొమ్మలైన కేతిగాడినీ బంగారక్కనూ తెర మీదికి ఎందుకు తెచ్చేవారు? పద్యానికి తల ఊపే ముసలివాళ్లూ, పద్యం ఒక్క ముక్క అర్థం కాని పిల్లలూ తెల్లవార్లూ ఒకే తెర ముందు కూర్చోవాలి కనుక. ఎవరి వాటా వారికి ముట్టేది. కార్టూన్ పెట్టే ముందు నేను వేసుకునే లెక్క కూడా ఇదే. ఇందులో అత్తయ్యగారి వాటా ఏది, చంటివాడి వాటా ఏది?

మొట్టమొదట ఏది పెట్టి చూడమంటారు?

మాటలు లేనిది, లేదా ఎక్కడో ఒకటీ అరా తప్ప లేనిది. మాటలు లేకపోతే డబ్బింగ్ గొడవ లేదు, వినికిడి తగ్గినవారికి ఇబ్బంది లేదు, మాటలు రాని పిల్లలకు లోటు లేదు. మా ఇంట్లో గురి తప్పనిది ‘టామ్ అండ్ జెర్రీ’, అందులోనూ పాతవి. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా 1940లో మొదలుపెట్టిన ఈ పిల్లీ ఎలుకా సినిమాలు ఒక్కొక్కటీ ఏడెనిమిది నిమిషాలు. వాటిలో ఏడింటికి ఆస్కార్లు వచ్చాయి. చెప్పాల్సిందంతా సంగీతమే చెబుతుంది. పిల్లి మెట్లెక్కితే వాద్యాలూ మెట్లెక్కుతాయి, పిల్లి జారితే అవీ జారతాయి.

వీటిలో మొట్టమొదటి సినిమా కథ ఇది. ఇంకొక్క వస్తువు పగిలిందా ఇంట్లోంచి గెంటేస్తానని యజమానురాలు పిల్లిని బెదిరిస్తుంది. ఆ మాట విన్న ఎలుక గ్లాసులూ పళ్లాలూ కింద పడేయడానికి చూస్తుంటుంది, పిల్లి పరుగెత్తి పట్టుకుంటూ ఉంటుంది. ఐదేళ్ల కవలలు ఎలుక తెలివికి పడీపడీ నవ్వుతున్నారు. అత్తయ్యగారు మాత్రం పిల్లి వైపు చేరారు. “పాపం, ఇల్లరికపు అల్లుడర్రా వాడు! తిండి పెడతారు, గిన్నె పగిలితే గుమ్మం చూపిస్తారు” అన్నారు. ఆనాటి నుంచి మా ఇంట్లో టామ్ పేరు అల్లుడుగారు. “మామ్మా, ఈ రోజు అల్లుడుగారిది పెట్టమంటావా?” అని పిల్లలే అడుగుతారు. ఒకే చిన్న బొమ్మలో కవలలు చూసింది వేరు, ఆవిడ చూసింది వేరు.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. ఆ పాత సినిమాల్లో నల్లజాతి వాళ్లను వెక్కిరించే బొమ్మలు ఉన్నాయి. పేలుడు తర్వాత మొహం నల్లబడటం, పనిమనిషి పాత్రను గీసిన తీరు, ఇలాంటివి. పదేళ్లు దాటిన పిల్లలుంటే ఆ చోట ఆపి, అది అప్పటి అమెరికాలో చెల్లిన తప్పు అని రెండు ముక్కలు చెబుతాను. చిన్నపిల్లలు ఉన్నప్పుడు అవి లేనివే వెతికి పెడతాను.

టామ్ పాతబడితే ‘షాన్ ద షీప్’ ఉంది. బ్రిటన్‌లో 2007లో మొదలైంది. మట్టిబొమ్మల్లాంటి వాటిని వెంట్రుకవాసి కదుపుతూ ఒక్కొక్క ఫొటో తీసి కూర్చిన పని. గొర్రెలు, కుక్క, ఏమీ పట్టని రైతు. అందరూ గొణుగుడే తప్ప ఒక్కరూ మాట్లాడరు. పాడి పశువులను సాకినవారికి అందులో సగం హాస్యం సొంతం. మామయ్యగారు కుర్చీలోంచి ముందుకు వంగి చూసే కార్టూన్ ఇదొక్కటే.

తెలుగు మాటలతో దొరికేవాటిలో మంచివి ఎలా గుర్తుపట్టాలి?

కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వినండి. కార్టూన్‌లో అమ్మ తన కొడుకుతో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుతుంటే ఆపేయండి. “నేను నీ పట్ల గర్వపడుతున్నాను” అని ఏ తెలుగు తల్లీ అనదు. “మా నాయనే!” అంటుంది. అలాంటి మాట ఒక్కటి వినిపించినా ఆ డబ్బింగ్ చేసినవారికి చెవి ఉందని అర్థం.

పిల్లల కోసం తెలుగులో ఖుషీ టీవీ ఎప్పటి నుంచో ఉంది, 2021లో ఈటీవీ బాలభారత్ వచ్చింది. మిగతా పెద్ద కార్టూన్ చానళ్లు చాలావాటిలో రిమోట్‌తో భాష మార్చుకునే వీలుంది. ఆ సంగతి తెలియక ఏళ్ల తరబడి హిందీలోనే చూసిన ఇళ్లు మా వీధిలోనే మూడు ఉన్నాయి.

సినిమాల్లో 2019 నాటి ‘లయన్ కింగ్’ తెలుగు మాటలు బాగా కుదిరాయి. సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతులిచ్చారు. అడవిపంది తెర మీదికి వచ్చి నోరు విప్పగానే మామయ్యగారు “అరే, బ్రహ్మానందం!” అని లేచి కూర్చున్నారు. ఆ తర్వాత కథ ఎటు పోయినా ఆయనకు బెంగ లేదు. పెద్దవాళ్ల వాటా ఒక్కోసారి ఒక గొంతులో ఉంటుంది. అయితే అందులో జంతువులు నిజమైనవాటిలా కనిపిస్తాయి. బొమ్మల అందం కావాలంటే 1994 నాటిదే చూడాలి.

యూ, యూఏ అని వేసే గుర్తులను నమ్మవచ్చా?

సగం నమ్మవచ్చు. ఓటీటీల్లో 2021 నిబంధనల నుంచి యూ, యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+, ఏ అని అయిదు మెట్లు ఉన్నాయి. థియేటర్ సినిమాలకు కూడా 2024 నుంచి యూఏను అలాగే మూడుగా విడదీశారు. ఓటీటీల్లో 13+, ఆ పైవాటికి తాళం వేసుకునే వీలు ఉండాలన్నది నిబంధన. ఆ తాళం వేయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పండుగకు పిల్లలు దిగకముందే వేసేయండి.

ఈ గుర్తు కొట్లాటల గురించీ బూతుల గురించీ చెబుతుంది. దిగులు గురించి చెప్పదు, విసుగు గురించి అసలే చెప్పదు. కాబట్టి ముందుగా మీరొక్కరే పది నిమిషాలు చూడక తప్పదు. నేను మధ్యలో ఒక పది నిమిషాలు, చివర్లో ఒక పది నిమిషాలు చూస్తాను. మొదలు ఎవరైనా బాగానే తీస్తారు.

బొమ్మల సినిమా అంటే పిల్లల సినిమాయే కదా?

కాదు. దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. జపాన్‌లో 1988 ఏప్రిల్ 16న జిబ్లీ స్టూడియో రెండు సినిమాలను కలిపి ఒకే ఆటగా విడుదల చేసింది. ఒకటి మియజాకీ తీసిన ‘మై నైబర్ టొటోరో’, రెండోది తకహాత తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’. మొదటిది నాలుగేళ్ల పిల్ల నుంచి ముత్తవ్వ దాకా చూడదగ్గది. రెండోది యుద్ధకాలంలో ఆకలితో అలమటించే అన్నాచెల్లెళ్ల కథ. గొప్ప సినిమా, కానీ పిల్లలు పడుకున్నాక, అదీ గుండె దిటవుగా ఉన్న రోజున చూడాలి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకలాంటి బొమ్మలే.

టొటోరో గురించి ఇంకాస్త చెప్పాలని ఉంది, ఎందుకంటే అది మన లంకల్లో తీశారా అనిపిస్తుంది. వరి చేలు, గట్లు, వానలో గొడుగు పట్టుకుని బస్సు కోసం ఎదురుచూపు, దారి పక్కన కప్ప. తల్లి ఆస్పత్రిలో ఉంటుంది, ఇద్దరు అక్కచెల్లెళ్లు తండ్రితో పల్లెటూరి ఇంటికి వస్తారు. దుర్మార్గుడు లేడు, కొట్లాట లేదు. చివర్లో చెల్లెలు కనబడకుండా పోతుంది. ఊరివాళ్లు చెరువులో గాలిస్తుంటారు, నీళ్లలో ఒక చిన్న చెప్పు దొరుకుతుంది. కాలువ గట్టున ఇళ్లున్నవాళ్లం. మా హాలులో ఎవరికీ ఊపిరి ఆడలేదు. ఆ చెప్పు ఆ పిల్లది కాదని తేలగానే అత్తయ్యగారు “హమ్మయ్య, గంగమ్మ తల్లీ!” అని దణ్ణం పెట్టారు. ఐదేళ్ల పిల్ల మాత్రం భయపడనే లేదు. పిల్లికీ బస్సుకీ కలిపి పుట్టినట్టున్న పిల్లి బస్సు ఎప్పుడు వస్తుందా అని చూస్తోంది.

చిన్నపిల్ల మధ్యలో భయపడి ఏడిస్తే ఆపేయాలా?

ఆపండి, కానీ టీవీ కట్టేసి ఊరుకోవద్దు. ఒళ్లోకి తీసుకుని తర్వాత ఏమవుతుందో ముందే చెప్పేయండి. కథ ముందే తెలిస్తే మజా పోతుందన్నది పెద్దవాళ్ల బాధ. రాముడు చివరికి గెలుస్తాడని తెలిసే కదా మనం ఇన్నేళ్లు రామాయణం విన్నాం.

కొన్ని కార్టూన్లు మొదట్లోనే గుండెలో గుచ్చుతాయి. ‘ఫైండింగ్ నీమో’ 2003 నాటిది, మొదటి ఐదు నిమిషాల్లోనే తల్లి చేపనూ గుడ్లనూ పెద్ద చేప మింగేస్తుంది. ఒక్క గుడ్డు మిగులుతుంది. ఆ పిల్ల చేపను మనుషులు పట్టుకుపోతే తండ్రి సముద్రమంతా వెతుక్కుంటూ వెళతాడు. ఇంటిల్లిపాదికీ నచ్చింది. చిక్కు మర్నాడు వచ్చింది.

అది ఆగస్టు నెల, గోదావరికి ఎర్రనీరు వచ్చింది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న ఊళ్లు మావి. మా వారు ఎంత పెట్టి తెచ్చారో నాకు ఇప్పటికీ సరిగ్గా చెప్పరు, మొత్తానికి ఒక పులస తెచ్చారు. బెండకాయలు వేసి మట్టి దాకలో పులుసు పెట్టాం. కవలల్లో ఆడపిల్ల దాక దగ్గరికి వచ్చి, “ఇది కూడా వాళ్ల అబ్బాయిని వెతుక్కుంటూ వచ్చిందా?” అని అడిగింది. ఒక్కరికీ జవాబు లేదు. పులస సముద్రం నుంచి ఏటికి ఎదురీది వచ్చేది గుడ్లు పెట్టడానికి. ఆ నిజం చెబితే ఇంకా ముంచుకొస్తుంది. చివరికి అత్తయ్యగారు “దీనికి పిల్లల్లేరమ్మా, సన్యాసం పుచ్చుకుంది” అని సర్దారు. అది ముద్దపప్పుతో తిని లేచింది. రెండు నెలల తర్వాత మళ్లీ చేపలు తింది. కాబట్టి మా ఇంట్లో ఆ సినిమాకు పులసల కాలంలో చోటు లేదు.

షిన్‌చాన్ చూడనివ్వవచ్చా?

నేను చిన్నపిల్లలకు పెట్టను. అది మొదట 1990లో జపాన్‌లో పెద్దవాళ్లు చదివే పత్రికలో వచ్చిన బొమ్మల కథ. ఐదేళ్ల పిల్లవాడు పెద్దవాళ్ల డొల్లతనాన్ని బయటపెట్టడం అందులోని హాస్యం. అది పట్టుబడాలంటే మనం పెద్దవాళ్లమై ఉండాలి. ఐదేళ్ల వాడికి అందేది ఎదురు సమాధానం ఒక్కటే. మా బావగారు మాత్రం పడీపడీ నవ్వుతూ చూస్తారు, వారికి అభ్యంతరం లేదు.

ఛోటా భీమ్ అంటే మహాభారతంలో భీముడేనా?

కాదు. అత్తయ్యగారు మొదటి రోజు అరగంట చూసి “ధర్మరాజు ఏడి?” అని అడిగారు. ధోలక్‌పూర్ కల్పించిన ఊరు, ఆ పిల్లవాడికి బలమూ లడ్డూ మీద ప్రేమా మాత్రమే భీముడివి. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తయారుచేసినది, 2008 నుంచి వస్తోంది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు బాగుంటుంది. పెద్దవాళ్ల వాటా తక్కువ, అన్నం కలిపి పెడుతూ చూడటానికి సరిపోతుంది.

దేవుళ్ల కథలైతే పెద్దలకూ పిల్లలకూ కలిసొస్తాయి కదా?

కొన్ని కలిసొస్తాయి. కానీ ఇవే అందరికంటే కష్టమైన పరీక్ష, ఎందుకంటే పెద్దవాళ్లకు కథ ముందే తెలుసు. శివధనుస్సు ఎక్కడ విరిగిందో, ఎవరు ఎవరికి వరస ఏమవుతారో తప్పితే ఊరుకోరు. జపాన్ దర్శకుడు యూగో సాకో, మన రామ్ మోహన్ మొదలైనవారు కలిసి చేసిన ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ ఆ పరీక్షలో నెగ్గింది. తొంభైల మొదట్లో తీసిన ఆ సినిమా 2025 జనవరిలో తెలుగు మాటలతోనూ థియేటర్లకు వచ్చింది. అందులో అడవులూ ఆకాశమూ చేత్తో గీసినవి. మామయ్యగారు కథ కంటే చెట్లను ఎక్కువ చూశారు.

అదే ఏడాది జులైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’ సంగతి వేరు. పదేళ్లు దాటినవాళ్లు కళ్లార్పకుండా చూస్తారు, కానీ రక్తం, గర్జన ఎక్కువ. కవలలను పంపలేదు. చూసివచ్చిన పెద్దాడు మామ్మతో “అంతర్వేది స్వామి చంపింది హిరణ్యకశిపుణ్ణే కదా” అన్నాడు. ఆవిడ అక్కడే పట్టుకున్నారు. అంతర్వేది స్థలపురాణంలో స్వామి సంహరించింది రక్తవిలోచనుణ్ణి. వాడు హిరణ్యాక్షుడి కొడుకు, వసిష్ఠుడి కొడుకులను చంపినవాడు, నేల మీద పడిన ప్రతి రక్తపు బొట్టు నుంచి మరొక రాక్షసుడు పుట్టే వరం ఉన్నవాడు. సినిమా రెండు గంటలైతే ఆవిడ కథ మూడు గంటలు సాగింది, కరెంటు ఖర్చు లేకుండా.

మా తాతయ్య రిమోట్ ఇవ్వరు. ఎప్పుడూ వార్తలే. ఏం చేయాలి?

జులై, ఆగస్టుల్లో అయితే ఆయన వైపే న్యాయం ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టు వరద కళ్లారా చూసిన మనిషికి టీవీ అడుగున పరిగెత్తే ఆ అంకెల ముందు ఏ కార్టూనూ ఆనదు.

మేము చేసింది ఇది. రిమోట్ మామయ్యగారి చేతిలోనే ఉంచాం. ఫోనులో నీటిమట్టం చూసి గంటకొకసారి చదివి వినిపించే ఉద్యోగం పదమూడేళ్ల పెద్దమ్మాయికి ఇచ్చాం. ఒక అంకెకూ మరో అంకెకూ మధ్య ఏడెనిమిది నిమిషాల బొమ్మలు మూడు పెడతాం. రెండు గంటల సినిమా అయితే ఆయన ఒప్పుకోరు, ఏడు నిమిషాలంటే “సరే కానీయండి” అంటారు. పన్నెండు అడుగుల దగ్గర నీరు నిలకడగా ఉందని తెలిసిన సాయంత్రం “ఆ గొర్రె ఏదీ?” అని ఆయనే అడిగారు.

రెండేళ్లు నిండని చంటివాణ్ణి కూడా కూర్చోబెట్టవచ్చా? మిగతా పిల్లలు ఎంతసేపు చూడవచ్చు?

రెండేళ్ల లోపు వారికి తెర అసలు వద్దని భారత శిశువైద్యుల అకాడమీ 2021లో చెప్పింది. రెండు నుంచి ఐదేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు, ఐదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపే. ఐదేళ్ల లోపు వారి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ దాదాపు ఇదే.

మా చంటివాడికి టీవీ వైపు వీపు పెట్టి ఉయ్యాల వేస్తాం. వాడి వాటా టీవీలో లేదు, నవ్వే మొహాల్లో ఉంది. అందరూ గొల్లుమన్నప్పుడు వాడూ గొల్లుమంటాడు, ఎందుకో వాడికి అక్కరలేదు.

యూట్యూబ్‌లో తెలుగు నీతి కథల బొమ్మలు బోలెడు ఉన్నాయి. అవి మంచివేనా?

జాగ్రత్త. పిల్లల బొమ్మల్లాగే కనిపిస్తాయి కానీ చాలావాటిలో ఉన్నది అత్తాకోడళ్ల కథలు. గయ్యాళి అత్త, పేద కోడలు, మాయ కుండ, చివర్లో ఒక నీతి. బొమ్మ కదలదు, నోరొక్కటే ఆడుతుంది. వీటిని ఎవరు చూస్తున్నారో తెలుసుకోవాలని ఒక మధ్యాహ్నం కాపు కాశాను. పిల్లలు ఎప్పుడో లేచి కొబ్బరి చెట్ల కిందికి పోయారు. చూస్తున్నది అత్తయ్యగారూ పక్కింటి పిన్నిగారూ. కోడలి మీద జాలి పడుతున్నది ఎవరు, అత్తను సమర్థిస్తున్నది ఎవరు అన్నది నేను రాయను. ఆ ఇంట్లోనే నేను ఉండాలి.

అసలు ముప్పు దానంతటదే వచ్చే తర్వాతి వీడియో. మీరు పెట్టింది పంచతంత్రం, నాలుగోది ఏమిటో మీకు తెలియదు. పిల్లలకు తెలిసిన పాత్రల బొమ్మలనే పెట్టి లోపల హింస, వెకిలితనం నింపిన వీడియోలు 2017లో ప్రపంచమంతా గగ్గోలు పుట్టించాయి. తర్వాతి వీడియో తనంతట రాకుండా ఆపే మీట ఉంటుంది, దాన్ని ఆపి పెట్టండి. పిల్లల ఖాతాలోనే చూపించండి. ఫోను చేతికివ్వకుండా టీవీకి కలపండి, హాలులో పదిమంది కళ్లు ఉంటాయి.

పదమూడేళ్ల అమ్మాయి కార్టూన్లు చిన్నపిల్లలవి అంటోంది. ఎలా?

వారంలో ఒక రోజు ఎంపిక తనకే వదిలేయండి. మా అమ్మాయి ‘స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్’ పెట్టింది. 2018లో వచ్చింది, ఆస్కార్ కూడా తెచ్చుకుంది. అచ్చు పుస్తకంలోని చుక్కలూ గీతలూ తెర మీద కదలడం చూస్తే బాపు గారి గోదావరి వాళ్లకు, అంటే మాకు, నచ్చకుండా ఉంటుందా? నరసాపురంలో పుట్టిన ఆ మహానుభావుడి గీత చూస్తూ పెరిగిన మామయ్యగారికి కార్టూన్ అంటే ఇప్పటికీ పత్రికలో వచ్చే బొమ్మే. “ఇది కదులుతోంది, అంతే తేడా” అన్నారు. అయితే దాని వేగం అత్తయ్యగారికి పడలేదు, మెరుపులు మరీ ఎక్కువ.

అదే అమ్మాయికి ‘స్పిరిటెడ్ అవే’ అంతకంటే నచ్చింది. తల్లిదండ్రులు పందులైపోతే పదేళ్ల పిల్ల పనిలో చేరి వాళ్లను విడిపించుకునే కథ. కవలలు నిద్రపోయాక చూశాం.

మెరుపులు ఎక్కువగా ఉంటే నిజంగా ప్రమాదమా?

మూర్ఛ వచ్చే అవకాశం ఉన్న పిల్లలకు ప్రమాదమే. జపాన్‌లో 1997 డిసెంబరు 16న పోకెమాన్ భాగం ఒకదానిలో ఎరుపు, నీలం వెలుగులు గబగబా మారేసరికి ఆరు వందల మందికి పైగా పిల్లలను ఆస్పత్రులకు తీసుకెళ్లారు. గదిలో దీపం వేసి ఉంచండి, టీవీకి దూరంగా కూర్చోబెట్టండి, ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే అలాంటివి మానేయండి.

అత్తయ్యగారికి మాటలు సరిగా వినపడవు. ధ్వని పెంచితే చెవులు హోరెత్తుతున్నాయి.

వయసుతో ముందుగా తగ్గేది సన్నటి శబ్దాల వినికిడి. కార్టూన్ గొంతులేమో సన్నగా, కీచుగా ఉంటాయి. ధ్వని పెంచితే సంగీతమే పెరుగుతుంది, మాట పెరగదు. టీవీ అమరికల్లో మాటలు స్పష్టంగా వినిపించే పద్ధతి ఉంటే అది పెట్టండి. సీలింగ్ ఫ్యాను ఒక మెట్టు తగ్గించండి. కిందన తెలుగు అక్షరాలు వచ్చేలా పెడితే తొమ్మిదేళ్ల వాడు గట్టిగా చదివి వినిపిస్తాడు. మా వాడికి ఒత్తులు పలకడం ఈ పనిలోనే వచ్చింది.

కన్నీళ్లు పెట్టించేవి పెద్దవాళ్లతో చూడవచ్చా?

చూడవచ్చు, కానీ పండుగ పూట వద్దు. 2017 నాటి ‘కోకో’ గురించి చాలామంది అడుగుతారు. మెక్సికోలో నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ల పండుగ చేస్తారు. పెద్దల ఫొటోలు పెట్టి, వాళ్లకు ఇష్టమైనవి వండి పెడతారు. ఈ లోకంలో తలచుకునేవాళ్లు ఒక్కరూ మిగలకపోతే ఆ లోకంలోనూ ఆ మనిషి మాయమైపోతాడన్నది కథలోని కిటుకు.

మామయ్యగారు “వాళ్లూ పెద్దలకు పెట్టుకుంటారన్నమాట” అన్నారు. సినిమా అయ్యాక పెద్దాణ్ణి పిలిచి “నా పేరు తెలుసు, మా నాన్న పేరు చెప్పు” అన్నారు. చెప్పాడు. “ఆయన నాన్న?” వాడు నా వైపు చూశాడు, నేను మా వారి వైపు చూశాను. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాల పేర్లు చెబుతారు. ఆ మూడో పేరు మా ఇంట్లో ఆయనకొక్కరికే తెలుసు. ఆ రాత్రి పెద్దమ్మాయి నోటు పుస్తకం తెచ్చి రాసుకుంది. ఆయన చెబుతూ చెబుతూ ఏడో పేరు దాకా వెళ్లారు, అక్కడ ఆగి చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

చూస్తూ తినడానికి ఏం పెట్టాలి?

కరకరలాడేవి వద్దు. పదకొండు మంది జంతికలు నమిలితే మామయ్యగారికి ఒక్క మాటా వినపడదు. ఆత్రేయపురం పూతరేకులకు చప్పుడు లేదు కానీ పొడి చాపంతా రాలి, తెల్లవారేసరికి చీమలు బారులు తీరతాయి. ఉడకబెట్టిన వేరుశనగకాయలు నయం, వేసవిలో అయితే ముంజలు. ముంజల రసం అంటిన చేతులు కడుక్కున్నాకే రిమోట్.